బేటెన్ వేరు, బెటెన్ వేరు



మన గోదావరి జిల్లాల్లో నర్సింగు చదివిన పిల్లలు కొందరు ఇప్పుడు జర్మను భాష నేర్చుకుంటున్నారు. ఆ దేశంలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి-2 స్థాయి పరీక్ష నెగ్గాలి. జర్మనీతో మనకు పాత చుట్టరికమే ఉంది. 1845లో రాజమండ్రిలో ఉత్తర జర్మనీ మిషనరీ సంఘం వారు పని ప్రారంభించారు. ఆనాడు వారు వచ్చి మన తెలుగు నేర్చుకున్నారు. ఈనాడు మన పిల్లల వంతు వచ్చింది.

ఈ నెల, వారిని తికమకపెట్టే మాటలు కొన్ని చెప్పుకుందాం.

‘బేటెన్’ అంటే ప్రార్థించడం. ‘బెటెన్’ అంటే మంచాలు, పడకలు. తేడా ఒక్క దీర్ఘమే. కడపటి ఘడియల్లో ఉన్న ఒక పెద్దాయన ‘బేటెన్’ అని అడిగితే, మన అమ్మాయి దుప్పటి సర్ది వెళ్లిపోతే ఎలా ఉంటుంది? అలాగే ‘బిటెన్’ అంటే వేడుకోవడం, ‘బీటెన్’ అంటే ఇవ్వజూపడం. ‘ష్టాట్’ అంటే రాజ్యం, ‘ష్టట్’ అంటే పట్టణం.

‘షోన్’ అంటే అప్పుడే, ఇప్పటికే అని అర్థం. దీనికి దగ్గరగా వినిపించే మరో మాటకు అందమైన అని అర్థం. దాన్ని పలకాలంటే ‘షేన్’ అంటూనే పెదవులు ‘ఓ’కు చుట్టినట్టు గుండ్రంగా చుట్టాలి.

ఇంగ్లీషు తెలిసినవారికి మరో చిక్కు ఉంది. ఇంగ్లీషులో గిఫ్ట్ అంటే బహుమానం, జర్మనులో విషం! ‘బెకొమెన్’ అంటే అవడం కాదు, పొందడం.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసినవి గడియారం, అంకెలు. మనం మూడున్నర అంటే మూడు దాటి అరగంట. జర్మనులో ‘హల్ప్ డ్రై’ అంటే మాటకు మాట ‘అర మూడు’. కాని దాని అర్థం రెండున్నర. మూడు కొట్టడానికి ఇంకా అరగంట ఉందన్నమాట. మందు వేయడంలో గంట తేడా చిన్న విషయం కాదు. 45ను వారు ‘ఐదూ నలభై’ అని తిప్పి చెబుతారు. విన్న వరసలో రాస్తే అది 54 అవుతుంది. అందుకే అంకె రాశాక తిరిగి చదివి వినిపించి, సరేననిపించుకోవాలి.

పిల్లలకు మా సలహా ఒకటి. ఇలాంటి జంట మాటల పలుకుబడిని తెలుగు అక్షరాల్లో రాసుకోండి. ఎ, ఏ, ఇ, ఈ అని పొట్టి పొడుగులను మన లిపి విడదీసి చూపిస్తుంది. రాత్రి భోజనాలయ్యాక అమ్మకో నాన్నకో ఆ కాగితం ఇచ్చి, పైకి చదివి వినిపించండి. జర్మను రాకపోయినా దీర్ఘం తప్పితే వారి చెవి పట్టేస్తుంది.