పల్లకి మోయువారెవరు?

1923వ సంవత్సరమున కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు తమ 46వ యేట కన్నుమూసిరి. ఆయన తలపెట్టిన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’న అప్పటికి తొలి సంపుటములు మాత్రమే వెలువడియుండెను. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. 1938లో వారు కీర్తిశేషులగునాటికిని ఆ పని పూర్తి కాలేదు. పాండిత్యము కొరవడి కాదు, దీక్ష కొరవడి కాదు. ఒకరిద్దరి భుజములు మోయగల బరువు కాదది.

ఆ బరువును నేడు మరియొక విధముగా మోయుచున్నారు. 2001 జనవరి 15న జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ అనువారు అంతర్జాలమున వికీపీడియాను ప్రారంభించిరి. అందు ఎవరైనను వ్రాయవచ్చును. ఒకరు వ్రాసినది మరియొకరు దిద్దవచ్చును. వ్రాసినవారికి జీతము లేదు, వ్యాసము తలపై పేరు కూడ ఉండదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. నేడు అందలి వ్యాసముల సంఖ్య లక్షను దాటినది. మన పల్లెలను గూర్చియే వేలకొలది వ్యాసములు కలవు. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె’నను సామెతను కొందరు జీతము లేని మనుష్యులు తప్పని నిరూపించిరి. ఇది మన కాలపు గర్వింపదగిన సంగతులలో ఒకటి.

అయితే వ్యాసములను లెక్కించి సంతోషించు మనము, చేతులను లెక్కించుట లేదు. చదువువారు అసంఖ్యాకులు, నెలనెలా విడువక వ్రాయువారు, దిద్దువారు స్వల్పము. ఇది తెలుగునకు మాత్రమే పట్టిన తెగులు కాదు. ఆంగ్ల వికీపీడియాలో క్రియాశీలురైన సంపాదకులు 2007లో 51 వేలకు పైగా ఉండిరి. 2013 నాటికి వారు సుమారు 31 వేలకు దిగిరి. ఆ క్షీణత తరువాత నిలిచినదిగాని, దాని కారణము నేటికిని మనము నేర్వదగిన పాఠము. హాఫేకర్ మున్నగు పరిశోధకులు 2013లో ప్రకటించిన అధ్యయనము ఆ కారణమును చూపినది. దుష్టబుద్ధితో వ్రాయువారిని అరికట్టుటకై ఏర్పడిన యంత్రసాధనములు, కఠిన నియమములు, సదుద్దేశముతో వచ్చిన క్రొత్తవారి వ్రాతలను కూడ త్రోసిపుచ్చినవి. తొలి ప్రయత్నమే తిరస్కృతమైనవాడు మరల ఆ గడప త్రొక్కలేదు. క్రొత్తవారు నిలువనిచో పాతవారి భారము పెరుగును. భారము పెరిగినవాని మాట కరకుదేరును. ఆ కరకుమాట మరికొందరు క్రొత్తవారిని తరుమును. ఈ చక్రము ఒకసారి తిరుగసాగినచో ఆపుట కష్టము.

వ్రాతవలన కలిగిన అలసట ఒక రాత్రి నిద్రతో తీరును. స్వచ్ఛంద సేవకుని క్రుంగదీయునవి వేరు. మొదటిది, కనబడని చాకిరి. క్రొత్త వ్యాసము వ్రాసినవానిని నలుగురు మెచ్చుకొందురు. అందలి అక్షరదోషములు దిద్దినవానిని, ఆధారము వెదకి చేర్చినవానిని, ఎవరో ఆకతాయి చెరిపిన పుటను అర్ధరాత్రి మేలుకొని నిలబెట్టినవానిని చూచువారు లేరు.

రెండవది తగవు. తెలుగు వికీపీడియనులు తమ చర్చావేదికకు ‘రచ్చబండ’ అని చక్కని పేరు పెట్టుకొనిరి. ఊరి రచ్చబండ కడ వాదులాడినవారు మరునాడు పొలముగట్టున ఎదురుపడి పలుకరించుకొందురు. ఈ రచ్చబండ కడ ముఖము కనబడదు, గొంతు వినబడదు. కోపమున విసరిన వాక్యము మాత్రము చర్చాపుటలో అట్లే నిలిచియుండి, చదివినప్పుడెల్ల క్రొత్తగా గుచ్చుకొనును.

మూడవది, హద్దు లేకుండుట. పాఠశాలకు గంట కలదు, సెలవు కలదు; ఉద్యోగమునకు విరమణ కలదు. ఈ సేవకు ఏదియు లేదు. ‘నేను చూడకున్న ఎవరు చూతురు?’ అను తలంపే సేవకునకు బలము. తుదకు అదియే సంకెల.

నియమములు సడలించినచో అబద్ధములు చొరబడవా యని అడుగవచ్చును. చొరబడును. కాని తప్పును తొలగించుట వేరు, తప్పుచేసిన విద్యార్థిని తరగతినుండి వెడలగొట్టుట వేరు. ఈ భేదము ఉపాధ్యాయులకు ఒకరు చెప్పవలసినది కాదు. ఎదుటివారి సదుద్దేశమును శంకింపరాదనియు, క్రొత్తవారిని కసరరాదనియు వికీపీడియా తన సూత్రములలోనే వ్రాసికొన్నది. కొరవడినది సూత్రము కాదు. అలసిన మనిషికి దానిని పాటించు ఓపిక.

ఇప్పుడు మరియొక చిక్కు వచ్చిపడినది. అడిగిన ప్రశ్నకు కృత్రిమ మేధ క్షణములో జవాబు చెప్పుచున్నది. ఆ జవాబులకు వికీపీడియా ఒక ముఖ్యమైన ఆధారము. అయినను చదువరి వికీపీడియా పుట వరకు రానక్కరలేకున్నది. అంతకుముందటి యేటితో పోల్చిన తమ పుటలకు మానవ పాఠకుల రాక సుమారు 8 శాతము తగ్గినదని 2025 అక్టోబరులో వికీమీడియా ఫౌండేషన్ ప్రకటించినది. నిన్నటి చదువరియే నేటి సంపాదకుడు. నూతినీరు ఇంటికే వచ్చుచుండగా నూతికడకు పోవువారుండరు. పూడిక తీయవలెనను తలంపు ఎవరికిని రాదు.

అట్లయిన పాఠశాలలు, కళాశాలలు విద్యార్థులను వందలుగా పంపిన చాలునా? చాలదు. 2011లో పూనా నగరమున కళాశాల విద్యార్థులచే ఆంగ్ల వికీపీడియాలో వ్రాయించు ప్రయత్న మొకటి జరిగినది. పెక్కుమంది ఇతరుల గ్రంథములనుండి ఉన్నదున్నట్లు ఎత్తివ్రాసిరి. దానిని వెదకి తొలగించు పని జీతము లేని సంపాదకులపై పడెను. ఆ యేడే ఆ ప్రయత్నమును నిలిపివేసిరి. సహాయము చేయబోయినవారు చాకిరిని పెంచిరి.

కనుక ఉపాధ్యాయులు తలపెట్టవలసినది చిన్న పని. తరగతి యంతయు కలిసి తమ ఊరిని గూర్చిన ఒక్క వ్యాసమును తీసికొనవలెను. అందలి ఏ వాక్యమునకు ఆధారము కలదో, దేనికి లేదో విద్యార్థులు పరిశీలింపవలెను. చెరువు ఎవరు త్రవ్వించిరో, బడి ఎప్పుడు వెలసినదో ముద్రిత గ్రంథములలో వెదకి, స్వంతమాటలలో వ్రాయవలెను. ఉపాధ్యాయుడు చదివి దిద్దిన పిమ్మటనే దానిని అందు చేర్చవలెను. ఎత్తివ్రాత ఏల తప్పో, ఆధారమనగా నేమో ఉపన్యాసములవలన కన్న ఈ ఒక్క పనివలన విద్యార్థికి బాగుగా తెలియును. తమ వ్రాతను దిద్దిన అపరిచితునకు కృతజ్ఞతగా ఒక మాట వ్రాయుటయు ఆ పాఠములో భాగము కావలెను.

ఇక ఏండ్ల తరబడి మోయుచున్నవారికి చెప్పదగినది ఒకటి కలదు. కొన్ని నెలలు తప్పుకొనుట ద్రోహము కాదు. మీరు లేనినాడు ఒక పుటలో తప్పు నిలిచినను, మరల రాగల మనిషి మిగులుట దానికన్న ముఖ్యము.

‘అందరూ పల్లకి ఎక్కువారైన మోయువారెవరు?’ అని మనవారు అడిగిరి. నేడు లక్షలమంది ఎక్కియున్న పల్లకి ఇది. మోయువారికి జేజేలు పలుకుట మంచిదే. కాని బోయీకి జేజేలవలన భుజపునొప్పి తీరదు. ఎక్కినవారిలో కొందరు దిగి, కొంతదూరము భుజము మార్చవలెను. లక్ష్మణరావు పంతులుగారి నాడు భుజము మార్చుటకు తగినంతమంది లేకపోయిరి. మన నాడు ఉన్నారు; పిలువవలెను, వచ్చినవారిని నిలుపుకొనవలెను.