ఓడిన రోజుకూ ఒక పేజీ

జూన్ 25 అనగానే క్రికెట్ తెలిసినవాడెవడైనా 1983 అంటాడు. లార్డ్స్ మైదానం, బాల్కనీలో కపిల్‌దేవ్, చేతిలో కప్పు. ఆ రోజుకి ఇంకా పుట్టని పిల్లలు కూడా పక్కన నిలబడి చూసినట్టే చెబుతారు. దాని మీద సినిమా కూడా వచ్చింది. మంచిదే. గెలుపును తలుచుకోవటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని అదే తేదీన, అదే మైదానంలో, సరిగ్గా 51 ఏళ్ళ ముందు జరిగిన సంగతి ఒకటుంది. దాన్ని గురించి మన కాలేజీ వరండాలో అడిగి చూడండి, చాలామంది తెల్లమొహం వేస్తారు. అందులో నాయకుడు తెలుగువాడని చెప్పినా నమ్మరు.

1932 జూన్ 25, శనివారం. (1983 జూన్ 25 కూడా శనివారమే. పంచాంగం వేసే పెద్దలు దీనికి ఏమి అర్థం చెబుతారో నాకు తెలియదు.) భారత జట్టు తన మొట్టమొదటి టెస్టు మ్యాచి ఆడటానికి లార్డ్స్‌లో దిగింది. ఇంగ్లండు పర్యటనకి కెప్టెన్‌గా వెళ్ళినవారు పోర్‌బందర్ మహారాజా. ఆ రోజుల్లో జట్టుకి రాజావారు ముందుండటం రివాజు. ఆట వచ్చా రాదా అన్నది తర్వాతి మాట. ఆ మహారాజావారి ఆట అంతంతమాత్రమే, కాని ఆ సంగతి ఆయనకే అందరికంటే బాగా తెలుసు. టెస్టు రోజున పక్కకి తప్పుకున్నారు. ఉపనాయకుడుగా వెళ్ళిన లింబ్డీ రాజవంశీకుడు కూడా ఆడలేదు. అట్లా పగ్గాలు కొఠారి కనకయ్య నాయుడు చేతికి వచ్చాయి. సి.కె. నాయుడు అంటే ప్రపంచానికి తెలుసు. 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. అప్పటికే 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 కొట్టి, దొరల చేత చప్పట్లు కొట్టించుకున్నవాడు.

టాస్ ఇంగ్లండు గెలిచింది. హోమ్స్, సట్‌క్లిఫ్ ఓపెనింగ్‌కి వచ్చారు. ఈ ఇద్దరూ అంతకు పది రోజుల కిందటే యార్క్‌షైర్ తరఫున ఎసెక్స్ మీద మొదటి వికెట్‌కు 555 పరుగులు జోడించి ప్రపంచ రికార్డు పెట్టి వచ్చిన ఘనులు. అలాంటి జంటని మహమ్మద్ నిస్సార్ ఇద్దరికిద్దరినీ బౌల్డు చేసి పంపించాడు. 11 పరుగులకు 2 వికెట్లు. ఇంకాసేపటికి, మలయా నుంచి వచ్చి జట్టులో చేరిన లాల్ సింగ్ బంతిని అందుకుని ఊలీని రనౌట్ చేశాడు. 19కి 3. ఇంగ్లండు వాళ్ళు కాఫీ కప్పులు కింద పెట్టి ఉంటారు. హిందువు, ముస్లిం, సిక్కు, పార్శీ, అందరూ ఉన్న జట్టది. పాలించేవాడి ఇంటికి వెళ్ళి, పాలించేవాడి ఆటలో, మొదటి గంటలో అతన్ని వణికించింది.

తర్వాత ఏమైంది? తర్వాత ఓడిపోయాం. ఇంగ్లండు కెప్టెన్ జార్డిన్ 79 చేసి గట్టెక్కించాడు, వాళ్ళు 259 చేశారు. నాయుడు ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలించుకుని, ఆ చేత్తోనే బ్యాటింగుకి వచ్చి 40 చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో మనవాళ్ళలో అదే ఎక్కువ. మనం 189. రెండో ఇన్నింగ్స్‌లో తొమ్మిదో నంబరులో వచ్చిన అమర్ సింగ్ 51 కొట్టాడు, భారతదేశం తరఫున టెస్టుల్లో మొదటి అర్ధ సెంచరీ అదే. చివరికి 158 పరుగుల తేడాతో ఓటమి. మొదటి టెస్టు గెలుపు చూడటానికి 1952 ఫిబ్రవరి దాకా, మద్రాసు దాకా, 25వ టెస్టు దాకా ఆగాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళు! ఒక తరం ఆటగాళ్ళు గెలుపు రుచి చూడకుండానే ఆడి, రిటైరయి, ఇళ్ళకి వెళ్ళిపోయారు.

నా వాదన ఇదీ: మనం జూన్ 25ని జరుపుకోదలిస్తే ముందు 1932ని తలుచుకోవాలి, ఆ తర్వాతే 1983ని. గెలుపు తనను తానే గుర్తుచేసుకుంటుంది. దానికి ఫొటో ఉంటుంది, కప్పు ఉంటుంది, బహుమతి సభ ఉంటుంది. మొదటిసారి మైదానంలోకి దిగి ఓడినవాడికి ఇవేవీ ఉండవు. మనం రాసిపెడితేనే ఉంటాడు.

ఇది ఓటమిని పూజించటం కాదా అని మిత్రుడొకడు అడిగాడు. కాదు. ఈ విషయంలో అమెరికావాళ్ళని చూడండి. వాళ్ళకి బేస్‌బాల్ అంటే మనకి క్రికెట్ లాంటి పిచ్చి. ఏ తేదీన ఏ ఆటలో ఏం జరిగిందో పత్రికల్లో రోజూ శీర్షికగా వేసుకుంటారు. అన్ని తేదీల్లోకీ వాళ్ళు పెద్దది చేసుకున్నది ఏప్రిల్ 15. 1947లో ఆ రోజున జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడు బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో దిగాడు. అంతకుముందు అరవై ఏళ్ళకు పైగా ఆ పెద్ద లీగుల్లో నల్లవాడికి చోటు లేదు. మరి ఆ రోజు అతను ఏం పొడిచేశాడు? ఒక్క హిట్ కూడా కొట్టలేదు! అయినా 2009 నుంచి ఏటా ఆ తేదీన అక్కడ ప్రతి జట్టులోని ప్రతి ఆటగాడూ అతని 42వ నంబరు చొక్కానే తొడుక్కుంటాడు. వాళ్ళు లెక్కపెట్టింది పరుగులు కాదు, గడప దాటటాన్ని. మన కనకయ్య నాయుడు దాటిన గడప కూడా అలాంటిదే.

తేదీ అన్నది ఏ ఒక్కరి సొత్తూ కాదు, అదీ గమనించాలి. జూన్ 25 రాత్రే 1975లో ఎమర్జెన్సీ విధించారు. 2024లో కేంద్ర ప్రభుత్వం ఆ తేదీకి రాజ్యాంగ హత్యా దినమని పేరు కూడా పెట్టింది. దాని మీద ఎవరి రాజకీయం వారిది, ఇక్కడ దాని జోలికి పోను. ఒకే కాగితం మీద ఇన్ని రాతలు పడతాయని చెప్పటమే నా ఉద్దేశం. అందులో ఏది పెద్దక్షరాలతో ఉండాలో మనమే తేల్చుకోవాలి.

1983 సంగతికి వద్దాం. ఆ రోజు లార్డ్స్‌లో మనం 183కే ఆలౌటు. శ్రీకాంత్ చేసిన 38 అత్యధికం. అటు చూస్తే 1975, 1979 కప్పులు రెండూ ఎత్తుకుపోయిన వెస్టిండీస్. సంధు బంతిని వదిలేసి గ్రీనిడ్జ్ బౌల్డయ్యాడు. మదన్‌లాల్ బంతిని రిచర్డ్స్ గాలిలోకి లేపితే కపిల్ వెనక్కి పరుగెత్తి పట్టాడు. మొహిందర్ అమర్‌నాథ్ 12 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. వాళ్ళు 140కి ముగిశారు. 43 పరుగుల గెలుపు. ఇదంతా మీకు తెలిసిందే, కాబట్టి సాగదీయను. తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాడు ఒక్కడూ లేడు, కాని మేనేజరు హైదరాబాదీయే. పి.ఆర్. మాన్ సింగ్. ఇప్పటిలాగా పరుగుకి ఒకరు, కండరానికి ఒకరు, మనసుకి ఒకరు నిపుణులు లేని రోజులు. జట్టు వెనక ఆయన ఒక్కరే. తర్వాత ఆయన సికింద్రాబాదులో తన ఇంట్లోనే క్రికెట్ మ్యూజియం పెట్టారు. పాత బ్యాట్లు, పుస్తకాలు, స్కోరు కాగితాలు పోగుచేశారు. కప్పు గెలిచిన వైభవం కన్నా నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఈ పోగుచేసే బుద్ధి.

ఎందుకంటే ఆ కప్పు ప్రయాణంలోనే మలుపు తిప్పిన ఆట జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జరిగింది. జింబాబ్వే మీద మనం 17కి 5 వికెట్లు పోగొట్టుకుంటే కపిల్ 175 నాటౌట్ చేశాడు. ఆ ఇన్నింగ్స్‌ని టీవీ కెమెరా పట్టలేదు. ఈనాటికీ చూద్దామంటే లేదు. అది మిగిలింది స్కోరుబుక్కులో, చూసినవాళ్ళ నోళ్ళలో. పెన్సిలు పట్టుకుని చెట్టు కింద కూచునే స్కోరరు లేకపోతే 175 అన్న అంకె కూడా మనకి దక్కేది కాదు.

ఇక మన గడ్డ మీదికి వస్తాను. మన నిజామాబాదు వాళ్ళం గుర్తుపెట్టుకోదగ్గ తేదీలు లేకపోలేదు. 2014 మే 25న పాకాల గ్రామం ఆడపిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. 2022 మే 19న నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో థాయిలాండు బాక్సరు జుటామస్‌ని 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. ఆ రోజు మన ఊళ్ళల్లో టపాసులు పేలాయి, ఫ్లెక్సీలు లేచాయి. నాయకులు వాటిలో తమ ఫొటోలు నిఖత్ ఫొటో కన్నా పెద్దవి వేయించుకున్నారన్నది వేరే సంగతి.

కాని ఆగస్టు 1 గుర్తుందా? 2021లో ఆ రోజున పి.వి. సింధు టోక్యోలో చైనా అమ్మాయి హె బింగ్జియావో మీద 21-13, 21-15తో గెలిచి కాంస్యం తెచ్చింది. దేశమంతా పండగ. మూడేళ్ళు తిరిగి, 2024లో, సరిగ్గా అదే తేదీన, పారిస్‌లో, అదే హె బింగ్జియావో చేతిలో 19-21, 14-21తో ఓడిపోయింది. అదే రోజు అమలాపురం కుర్రవాడు సాత్విక్ తన జోడీ చిరాగ్‌తో క్వార్టర్ ఫైనల్లో ఓడాడు. అదే రోజు మన నిఖత్, చైనా బాక్సరు వూ యు చేతిలో 0-5తో ఓడి ఏడుస్తూ బయటికి వచ్చింది. ఆ వూ యు చివరికి స్వర్ణం గెలిచింది. ఒక్క తేదీ, తెలుగువాళ్ళకి ఒకసారి పండగ, ఇంకోసారి మూడు దెబ్బలు. ఆ సాయంత్రం మన ఊళ్ళల్లో ఒక్క ఫ్లెక్సీ లేదు. "ఇగ అయిపోయింది ఆమె పని" అన్నవాళ్ళు మాత్రం ఛాయ్ హోటళ్ళ నిండా కనబడ్డారు. రింగులో ఎన్నడూ నిలబడని నోళ్ళు ఎంత తేలికగా తీర్పు చెబుతాయో!

మా మోస్రాలోనూ అంతే. వరికోతలు కాంగనే కొయ్యకాళ్ళ మడిలో పిచ్ తయారవుతుంది. పొద్దుగూకాక ఇంటికి వస్తుంటే అరుగు మీది పెద్దమనిషి అడిగేది ఒకటే: "గెల్సిండ్రా, ఓడిండ్రా?" ఓడినమంటే, "అయితె ఇంత తిని పండుకోండ్రి." ఎవడు ఎన్ని కొట్టిండు, ఎవడు ఆఖరి దాకా నిలబడ్డడు అని అడగడు. మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు బండి కాంటా ఎక్కితే తూకం చీటీ చేతికి వచ్చేది. పంట మంచిదైనా, ఎండిపోయినదైనా, తూకం తూకమే, లెక్క లెక్కే. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది, అది వేరే దుఃఖం. చెరకుకి దక్కిన ఆ పాటి మర్యాద మన ఆటగాళ్ళ చెమటకి దక్కొద్దా అని అడుగుతున్నాను.

మన కాలేజీ సంగతే చూడండి. అద్దాల బీరువాలో కప్పులున్నాయి, వాటి మీద సంవత్సరాలున్నాయి. కొన్నిటి మీద దుమ్ము కూడా ఉంది, కాని అది ఇవాళ్టి విషయం కాదు. ఇంటర్ కాలేజియేట్ పోటీలకి మొదటిసారి ఆడపిల్లల జట్టు వెళ్ళిన ఏడు ఏది? అందులో ఎవరెవరున్నారు? బీరువాని అడిగితే చెప్పదు, ఎందుకంటే ఆ జట్టు కప్పు తేలేదు. మొదటి రౌండులోనే ఓడి, అదే బస్సులో తిరిగి వచ్చింది. ఇంట్లో ఒప్పించి, పొట్టి నిక్కరు వేసుకోను అంటే సల్వారుతోనే ఆడించి, పల్లెల నుంచి వచ్చిన పిల్లలని అంతదూరం తీసుకెళ్ళటం అంటే మాటలా? మన కాలేజీకి అదే 1932 జూన్ 25. ఆ తర్వాత ఎప్పుడో వచ్చిన కప్పుకి పునాది ఆ బస్సు ప్రయాణం. ఆ అమ్మాయిల పేర్లు ఇవాళ ఏ కాగితం మీదా లేవు.

కాబట్టి విద్యార్థి సంఘానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. సంఘం ఖర్చులో ఒక సభకి వేసే పూలదండల డబ్బు చాలు. ఒక గట్టి అట్ట రిజిస్టరు కొనండి. రోజుకో పేజీ, జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా. ఏ తేదీన మన జట్టు ఎక్కడ ఆడినా, క్రికెట్ కానీ, కబడ్డీ కానీ, ఖోఖో కానీ, ఆ తేదీ పేజీలో సంవత్సరం, స్థలం, ఆడిన వాళ్ళందరి పేర్లు, స్కోరు రాయండి. గెలిచామా ఓడామా అన్నది చివరి గడిలో రాయండి, మొదటి గడిలో కాదు. పి.డి. సారు బల్ల మీదే ఉండాలి, బీరువాలో తాళం వేసి కాదు. కొన్నేళ్ళు పోయాక ఒకే పేజీలో ఒక ఏడాది గెలుపూ ఇంకో ఏడాది ఓటమీ పక్కపక్కనే కూచుంటాయి, సింధు ఆగస్టు 1లాగా. ఆడటానికి కొత్తగా వచ్చే పిల్లవాడు దాన్ని తిరగేస్తే చాలు, కోచింగు సగం అయినట్టే.

సి.కె. నాయుడు గురించి మరో మాట. ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలోకి అడుగుపెట్టిన 1953-54లో దానికి కెప్టెన్‌గా నిలబడింది ఆయనే. అప్పటికి ఆయన వయసు 58. లార్డ్స్‌లో దేశాన్ని నడిపించి, విజ్డెన్ పుస్తకం మెచ్చిన అయిదుగురిలో ఒకడైన మనిషి, ఇంకా నడక నేర్వని జట్టుతో మళ్ళీ మొదటి నుంచి ఓడటానికి సిద్ధపడి వచ్చాడు.

పాత విద్యార్థులకి ఒక విన్నపం. ఈ సంచిక మీ చేతికి అందినప్పుడు మీ జట్టు ఫొటో ఉంటే దాని వెనక చూడండి. పేర్లుంటే రాసి సంఘం ఆఫీసుకి పంపండి. ఫొటో లేకపోయినా ఫరవాలేదు, స్కోరు మరిచిపోయినా ఫరవాలేదు. ఆ బస్సులో మీ పక్కన ఎవరు కూచున్నారో రాయండి, ఇంటిపేర్లతో సహా.