స్కాన్‌లో కనబడని దెబ్బ

సూరత్ లింబాయత్‌లో మగ్గాల మీద బతికే మన పద్మశాలి కార్మికుడి తలకు దెబ్బ తగిలి, స్కాన్‌లో ఏమీ లేదంటే మర్నాడే పన్నెండు గంటల షిఫ్టుకు వెళ్లాల్సిందేనా? స్కాన్ నెత్తుటి గడ్డను, ఎముక పగులును పట్టిస్తుంది. కుదుపుకు నాడీకణాల్లో రసాయనాల తూకం చెదరడం అందులో కనబడదు. స్పృహ తప్పకపోయినా తలనొప్పి, చూపు మసక, మరపు, చిరాకు రావచ్చు. నడుస్తున్న మగ్గం పక్కన క్షణం ఏమరుపాటైనా ప్రమాదమే.

చాలామంది కొన్ని వారాల్లో వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు కదా అంటారు. నిజమే, కానీ అందుకు మొదటి 24 నుంచి 48 గంటలు శ్రమ తగ్గించాలని, ఆపై మెల్లగా పెంచాలని క్రీడాకారుల విషయంలో 2022 ఆమ్‌స్టర్‌డామ్ నిపుణుల సదస్సు చెప్పింది. 2019 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో తలకు ఇలాంటి దెబ్బ తగిలిన ఆటగాడి బదులు మరొకరు దిగుతున్నారు. నేతకార్మికుడి మెదడు మాత్రం వేరా? 1948 ఈఎస్ఐ చట్టం జబ్బుపడ్డ మొదటి రెండు రోజులకు మామూలుగా నగదు భత్యం ఇవ్వలేదు. విశ్రాంతి అవసరమైనవి సరిగ్గా ఆ రెండు రోజులే! దొంగ సెలవులు పెరుగుతాయన్న యజమానుల భయానికి డాక్టరు చీటీ చాలు. ఆ రెండు రోజుల కూలి చెల్లించాలి. వాంతులు, మగత ముదిరితే వెంటనే రమ్మని తెలుగులో రాసిన కాగితం ఆసుపత్రులు చేతికివ్వాలి.