ముయిజ్జా కిస్సా చాలు, గిన్నెలో నీళ్ళు పొయ్యండి

మన ఇళ్ళల్లో పిల్లి మాట రాగానే ముయిజ్జా కిస్సా మొదలవుతుంది. ప్రవక్త (స) ఆస్తీన్ మీద పిల్లి నిద్రపోయిందట, నమాజుకు లేవాల్సొచ్చి, దాని నిద్ర చెడగొట్టలేక ఆ ఆస్తీన్‌నే కత్తిరించేశారట. వాట్సాప్ స్టేటస్‌కి ఎంతో ప్యారీ కిస్సా. ఒకటే చిక్కు, హదీసు కితాబుల్లో అది దొరకదు.

దొరికేది వేరే ఉంది. బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. ఒక ఔరత్ పిల్లిని బంధించింది. తిండి పెట్టలేదు, నీళ్ళు పొయ్యలేదు, నేల మీద పురుగో ఎలుకో పట్టుకు తినడానికి వదల్లేదు. అది చచ్చిపోయింది, ఆమె జహన్నమ్ పాలైంది. ఈ హదీసుని స్టేటస్‌లో పెట్టేవాళ్ళు నాకు కనబడలేదు. ముద్దు చేసుకోడానికి ఇందులో ఏమీ లేదు కదా, జవాబ్ చెప్పుకోవాల్సిందే ఉంది.

ఆమె గునా ఏమిటో చూడండి. రెండు దర్వాజాలూ మూసేసింది. తాను ఇవ్వలేదు, దాన్ని వెతుక్కోనివ్వలేదు. ఇప్పుడు మన ఫ్లాట్లు చూద్దాం. నానీమాల కాలంలో పిల్లికి ప్రత్యేకంగా నీళ్ళు పెట్టిన ఇళ్ళు తక్కువే. కానీ ఆ పిల్లికి సహన్ ఉండేది, బావి గట్టుండేది, నల్లా కింద బకెట్ ఉండేది. అన్నిటికన్నా ముఖ్యంగా ఎలుక ఉండేది. ఎలుక ఒంట్లో మూడింట రెండొంతులు నీళ్ళే. ఇవాళ మూడో అంతస్తులో, జాలీ కొట్టిన బాల్కనీ వెనక పర్షియన్ పిల్లి ఉంటుంది. ముందు ప్యాకెట్ గింజలు. వాటిలో నీటి శాతం సుమారు 10. బయటి దారి మనం మూశాం. కాబట్టి ఇంట్లో నీళ్ళు దాని హక్. ఖైరాత్ కాదు.

"అది నీళ్ళు తాగదు భాయ్, పిల్లికి ప్యాస్ ఉండదు" అంటారు. సగం సచ్. ఇంటి పిల్లి పూర్వీకులు ఆఫ్రికా, అరబ్బు నేలల ఎండు ప్రాంతాల అడవి పిల్లులు. వేటాడిన జంతువు ఒంట్లోని నీళ్ళతోనే గడుపుకున్న జాతి. గుర్దాలు మూత్రాన్ని బాగా చిక్కగా చేసి నీటిని పొదుపు చేస్తాయి. దాహం ఆలస్యంగా తెలుస్తుంది. తెలియకపోవడం వేరు, అవసరం లేకపోవడం వేరు. నాలుగు కిలోల పిల్లికి తిండిలోదీ తాగేదీ కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్లు కావాలి. పిల్లి నాలుక కొసతో నీటిని పైకి లాగి, ఆ ధార పడిపోయేలోపు నోరు మూస్తుంది. సెకనుకు నాలుగుసార్లు. ఒక్కోసారికి దొరికేది 0.1 మిల్లీలీటరు. హిసాబ్ మీరే వెయ్యండి. తిండిలో తడి లేకపోతే దాదాపు రెండు వేలసార్లు నాలుక ఆడించాలి. చాలా పిల్లులు అంత తాగవు.

దీని ఖీమత్ ఎక్కువగా మగ పిల్లులు చెల్లిస్తాయి. వాటి మూత్రనాళం సన్నం. చిక్కబడ్డ మూత్రంలో ఇసుకలాంటి పలుకులు చేరి అడ్డుపడతాయి. వేరే కారణాలూ ఉంటాయి, నీళ్ళు తక్కువ కావడం వాటిలో ఒకటి. బిల్లా మాటిమాటికీ మట్టి ట్రే దగ్గర కూర్చుని, ముక్కి, ఏడ్చి, చుక్క రాకుండా లేస్తుంటే ఖబ్జ్ అనుకుని ఆముదం పట్టకండి. ఆ రోజే, రాత్రయినా సరే, పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. రెండు మూడు రోజులు ఆలస్యమైతే జాన్ పోతుంది.

"పాలు పోస్తున్నాం కదా" అనేది ఇంకో బహానా. పాలు మరిచిన వయసులో చాలా పిల్లులకు పాలు అరగవు. విరేచనాలైతే ఒంట్లో ఉన్న నీళ్ళూ పోతాయి.

"దాని ఝూటా నాపాక్, మూతి పెట్టనివ్వొద్దు" అని గిన్నెలన్నీ బోర్లించే ఇళ్ళకూ ఒక మాట. అబూ ఖతాదా (రజి) వుజూకి కోడలు నీళ్ళు పెడితే పిల్లి వచ్చింది. ఆయన గిన్నెని దానివైపు వంచి, తాగేదాకా పట్టుకున్నారు. ఆమె ఆశ్చర్యంగా చూస్తే, పిల్లి నజిస్ కాదని, మన మధ్య తిరిగే ప్రాణి అని ప్రవక్త (స) చెప్పిన సంగతి గుర్తుచేశారు. మువత్తాలో, అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఉంది. వేరే నీళ్ళున్నప్పుడు ఆ నీళ్ళతో వుజూ మక్‌రూహ్ అనే రాయ్ హనఫీల్లో ఉంది, సరే. మీ వుజూకి వేరే నీళ్ళు తీసుకోండి. దాని గిన్నె మాత్రం దానికుంచండి.

రమ్జాన్‌లో ఇంకో గఫ్లత్. సెహరీ తర్వాత వంటిల్లు మూతపడుతుంది, ఇఫ్తార్ దాకా గిన్నె వంక చూసేవాళ్ళుండరు. రోజా మనకి ఫర్జ్, పిల్లికి కాదు. ఈద్‌కి ఊరెళ్ళేవాళ్ళు ఒక గిన్నె నింపి తాళం వేసి మూడు రోజులు పోతారు. గిన్నె బోర్లపడితే? తాళంచెవి పక్కింటి వాళ్ళకివ్వడానికి ఏం పోతుంది? మొహర్రంలో సబీల్ పెట్టి దారిన పోయేవాళ్ళకు షర్బత్ పంచే ఖౌమ్ మనది. దాహం అంటే ఏమిటో కర్బలా నుంచి నేర్చుకున్నామని చెప్పుకునేవాళ్ళం. మన బాల్కనీలో ఎండిన గిన్నె మనకే కనబడదా?

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఫజ్ర్ వుజూకి లేచినప్పుడే గిన్నె కడిగి, కొత్త నీళ్ళు నిండుగా పొయ్యండి. మీసాలు అంచులకు తగలని వెడల్పు గిన్నె, స్టీలుదో పింగాణీదో. ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టండి. తిండి పక్కనా, మట్టి ట్రే పక్కనా వద్దు. కొన్నిటికి పారే నీళ్ళిష్టం, నల్లా కాసేపు సన్నగా వదలండి. గింజల్లో గోరువెచ్చని నీళ్ళు కలపండి. కోడిముక్క ఉడికించి ఎముకలు తీసి, సాదా యఖ్నీతో పెట్టండి. అందులో ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్నే పాడుచేస్తాయి, కాబట్టి మిగిలిన సాలన్, బిర్యానీ పెట్టడం రహమ్ కాదు. ఎప్పుడూ లేనిది పిల్లి గిన్నెలకు గిన్నెలు తాగుతోందంటే సంతోషపడకండి. గుర్దాలో షుగరో చూపించండి.

ఇంత ఫుర్సత్ లేదంటారా? అయితే పిల్లి పిల్లను కొని తేకండి. పిల్లలు ఎంత జిద్ చేసినా సరే. గేటు దగ్గర ఒక గిన్నె పెట్టి రోజూ నింపండి, గల్లీ పిల్లి వచ్చి తాగి తన దారిన పోతుంది. దానికి దర్వాజా తెరిచే ఉంది. మూసిన దర్వాజా వెనకున్న పిల్లి గురించే మనల్ని సవాల్ అడుగుతారు.