వెదురుకు కొదవ లేదు.. తీగ కట్టే చెయ్యే కరువు

సామర్లకోట: నిచ్చెన కావాలన్నా, పెళ్లి పందిరి వేయాలన్నా, కోళ్ల గంప అల్లాలన్నా వెదురే ఆధారం. ఏజెన్సీ కొండల్లో పెరిగే ఈ గడ్డిజాతి మొక్క మైదానంలో నిత్యావసర వస్తువుగా ఎన్నో తరాల నుంచి చలామణి అవుతోంది. సంగీతం మాట వచ్చేసరికి మాత్రం వెదురంటే వేణువే గుర్తుకొస్తుంది. అదే బొంగుకు తీగ బిగిస్తే తంత్రీ వాద్యమవుతుందన్న సంగతి మరుగున పడిపోయింది. తెలుగునేలపై పుట్టి పెరిగిన కిన్నెరకు వెన్నెముక వెదురే. తత్వాలు పాడుకునే బైరాగుల ఏకతారకూ దండం చాలాచోట్ల వెదురే.

కిన్నెర నిర్మాణం పరిశీలిస్తే పల్లెలో దొరకని వస్తువు అందులో ఒక్కటీ కనిపించదు. దండానికి వెదురు బొంగు, నాదం పెంచడానికి ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు అతికించడానికి తేనెమైనం వాడతారు. తీగల స్థానంలో ఒకప్పుడు గుర్రపు వెంట్రుకలు, జంతువుల నరాలు కట్టేవారు. తరువాత లోహపు తీగలు వచ్చాయి. ఈ వాద్యంతోనే పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల కథలు ఊరూరా వినిపించిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. అంతకు ముందు ఏడాది ‘భీమ్లా నాయక్’ చిత్రంలోని పాటతో ఆయన పన్నెండు మెట్ల కిన్నెర రాష్ట్రాల ఎల్లలు దాటి వినిపించింది. అయినా 2024లో ఆయన భవన నిర్మాణ పనుల్లో కూలీగా కనిపించారన్న వార్త పత్రికలకెక్కింది. కళాకారుడికి బిరుదు వచ్చినంత మాత్రాన కళకు గిరాకీ రాదనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. కిన్నెరలు చేసేవారు, నేర్చుకునేవారు, కొనేవారు పెరిగి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది.

తీగ బిగువును తట్టుకోవడానికి వెదురు ఎందుకు పనికొస్తుందన్నది ఆసక్తికరమైన విషయం. దాని నారలన్నీ నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్లు ఉంటాయి. పైచర్మం వైపు ఆ నారలు మరింత దట్టంగా ఉంటాయి. అందువల్ల గుల్లగా, తేలికగా ఉన్న బొంగు కూడా తీగ లాగుడుకు సులువుగా వంగిపోదు. కణుపుల వద్ద లోపల అడ్డుగోడలు ఉండటం అదనపు బలం. బొబ్బిలి వీణకు ముదిరిన పనస దుంగ కావాలి. అలాంటి పనస దొరకడం నానాటికీ కష్టమవుతోంది. వెదురు బొంగు మూడు నాలుగేళ్లకే పనికి వస్తుంది. పైగా నరికిన పొద మళ్లీ చిగురిస్తుంది.

పుచ్చు పడితే అంతే..

ఇన్ని సుగుణాలున్నా వెదురుకు రెండు బలహీనతలు ఉన్నాయి. మొదటిది పుచ్చు. బొంగులోని పిండి పదార్థం కోసం పురుగు చేరి లోపలి నుంచి తొలిచేస్తుంది. నిచ్చెన అయితే రెండేళ్లకు మరొకటి కొనుక్కుంటారు. వేలు పోసి కొన్న వాద్యం పొడి రాల్చితే ఆ ఊరిలో మరొకరు కొనరు. దీనికి విరుగుడు పాతకాలం నుంచీ తెలిసిందే. వానలు వెనుకపట్టాక, ముదిరిన బొంగును మాత్రమే నరికి, కొన్ని వారాలు నీటిలో నానబెట్టి, నీడలో నెమ్మదిగా ఆరబెట్టడం ఆ పద్ధతి. నేడు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ముంచే విధానమూ అందుబాటులో ఉంది. రెండో బలహీనత చీలిక. మేకు దిగితే వెదురు నిలువునా పగులుతుంది. కిన్నెర మెట్లను మైనంతో అతికించిన పెద్దల తెలివి ఇక్కడే బోధపడుతుంది. గుండ్రటి దండంపై మెట్టు నిలవాలన్నా, అవసరమైతే శ్రుతి కోసం జరపాలన్నా మైనమే అనువైనది. డెల్టా తేమకు బొంగు ఉబ్బడం, ఎండకు కుంచించుకోవడం సహజం గనుక ఈ సర్దుబాటు ఇక్కడ మరీ అవసరం.

చట్టం సడలినా ఫలితమేదీ?

1927 నాటి భారత అటవీ చట్టం వెదురును ‘చెట్టు’గా లెక్కగట్టింది. సొంత పొలంలో పెంచినా నరికి తరలించడానికి చిక్కులు ఎదురయ్యేవి. 2017 నవంబరులో ఆర్డినెన్స్ ద్వారా, అనంతరం చట్ట సవరణ ద్వారా ఆ నిర్వచనం నుంచి వెదురును తొలగించారు. దాంతో అటవీయేతర భూముల్లో పెంచిన వెదురుకు ఆ అడ్డు తొలగింది. అడవిలోని వెదురుపై 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు హక్కు కల్పించింది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామం 2011లో రవాణా పర్మిట్లు తానే జారీ చేసే అధికారం సాధించుకుంది.

గోదావరి మన్యం వెదురు దశాబ్దాల పాటు రాజమహేంద్రవరం కాగితం మిల్లుకు ముడిసరుకైంది. కాలక్రమంలో మిల్లు సరుగుడు, సుబాబుల్ వైపు మళ్లింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనలో వెదురు దండిగా ఉన్న రంపచోడవరం, మారేడుమిల్లి ప్రాంతాలు తూర్పుగోదావరి నుంచి విడిపోయాయి. సామర్లకోట కాకినాడ జిల్లాలో చేరింది. ముడిసరుకు ఒక జిల్లాలో, దాన్ని మలచే మేదరులు మరో జిల్లాలో అయ్యారు. పథకం ఏదైనా రెండు కలెక్టరేట్ల తలుపు తట్టవలసిందే.

మేదరుల విషయానికొస్తే, బద్ద చీల్చడంలో వారి నేర్పుకు సాటి లేదు. అయితే ప్లాస్టిక్ తట్టలు, క్రేట్లు వచ్చాక ఆ నేర్పుకు తగిన ధర దక్కడం లేదు. ఆదుకుంటామంటూ పెట్టే శిక్షణల్లో పూలబుట్టలు, పెన్నుల స్టాండ్లే ప్రత్యక్షమవుతాయి. ఆ తరహా బొమ్మలు ప్రదర్శనశాలలో ఒకసారి అమ్ముడైతే గొప్పే. వాద్యం సంగతి వేరు. దానికి తీగ మార్చాలి, మెట్టు సవరించాలి, పగిలిన బుర్ర వేయాలి. కొన్నవాడు మళ్లీ చేసినవాడి వద్దకే వస్తాడు. కాకపోతే బుట్ట అల్లే చేతికి శ్రుతి తెలియదు, శ్రుతి తెలిసిన భజన గురువుకు వెదురు పని తెలియదు. ఈ ఇద్దరినీ ఒక అరుగుపై కూర్చోబెట్టే ప్రయత్నమే జరగాలి.

ఆరంభంలోనే గిటార్ జోలికి పోవడం తెలివైన పని కాదు. జపాన్ సంస్థ యమహా వెదురుతో గిటార్ చేసింది నిజమే. కానీ బద్దలను పలకలుగా అతికించడానికి యంత్రాలు, పెట్టుబడి కావాలి. మడగాస్కర్ జాతీయ వాద్యమైన వలిహా కథ మనకు దగ్గరగా ఉంటుంది. పూర్వం ఆ బొంగు చర్మాన్నే సన్నని నారలుగా పైకి లేపి తీగలుగా మీటేవారు. నేడు సైకిల్ బ్రేకు తీగలనూ వాడుతున్నారు. చైనా నాటకాల్లో వాయించే జింగ్‌హూకు దండమే కాదు, నాదపేటిక కూడా వెదురే. రాజస్థాన్ భోపాలు కమానుతో పలికించే రావణహత్తకు వెదురు దండం, కొబ్బరి చిప్ప చాలు. చిప్పపై తోలు బిగిస్తారు. కోనసీమ కొబ్బరి, మన్యం వెదురు రెండూ అందుబాటులో ఉన్న ఈ ప్రాంతానికి ఇంతకంటే అనువైన నమూనా దొరకదు.

తొలుత ఒంటి తీగ ఏకతార, తరువాత రావణహత్త, చేయి తిరిగాక కిన్నెర అన్న క్రమం ఆచరణ సాధ్యం. ఏకతారకు భజన సమాజాలే తొలి కొనుగోలుదారులు కాగలవు. పంచారామాల్లో ఒకటైన సామర్లకోట కుమారారామానికి కార్తిక మాసంలో దూరప్రాంతాల నుంచి భక్తులు తరలివస్తారు. అక్కడ ఒక్క దుకాణం చాలు, వాద్యం ధర, గిరాకీ రెండూ తేలిపోతాయి. వెదురు నరికేది వానలు తగ్గాకే గనుక, ఈ శీతాకాలంలో కొట్టిన బొంగు నాని, ఆరి, తీగ కట్టించుకుని వచ్చే కార్తికానికి గాని అంగడికి చేరదు. ఆ మాత్రం ఓపిక పట్టగల కొనుగోలు సంఘమో, బ్యాంకు రుణమో లేకపోతే ఆ బొంగు కూడా నిచ్చెనల దుకాణానికే చేరుతుంది.