పాపసంకీర్తనంలో కులం పేరు పలకండి

తెలుగు రాష్ట్రాల కాథలిక పీఠాధిపతులకు,



1857లో దక్షిణాఫ్రికా డచ్ రిఫార్మ్డ్ చర్చి సినడ్, కొందరి బలహీనతను సాకుగా చూపి, శ్వేతేతర విశ్వాసులకు వేరుగా ఆరాధన జరపడానికి ఒప్పుకుంది. 1881 నాటికి వాళ్లకు వేరే సంఘమే ఏర్పడింది. వర్ణవివక్షకు వేదాంతపు అండ అలా దొరికింది. అది సువార్తకే విరుద్ధమని చెప్పే బెల్హార్ విశ్వాస ప్రకటన 1982లో గానీ రాలేదు.

మన దగ్గర విశ్వాసులను అలా వేరుచేసే గోడ పేరు కులం. ఒకే ఊళ్లో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి. పెళ్లి ప్రకటన చూస్తే, క్రైస్తవులమంటూనే ముందు కులం, తర్వాతే చదువు. ఆదివారం ఒకే దివ్యసత్ప్రసాదం అందుకున్నవాళ్లు సోమవారం వియ్యానికి పనికిరారా?

భారత కాథలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లోనే దళిత సాధికారత విధానాన్ని ప్రకటించింది. దళిత కుటుంబంలో పుట్టిన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు. మాకెంతో సంతోషం. కానీ ఆ మార్పు విచారణల్లోకి దిగిరావాలి.

మా విన్నపాలు మూడు. పూజలోని పాపసంకీర్తన సమయంలో కులవివక్షను పేరుపెట్టి ఒప్పుకునే ప్రార్థన చేర్చండి. సమాధుల తోటల్లో కులాలవారీ వరుసలు ఎక్కడున్నా తీసేయించండి. 2016 విధానం ఏ మేరకు అమలైందో ప్రతి మేత్రాసనం ఏటా విశ్వాసులకు చెప్పాలి.

తనవాళ్లంతా ఒక్కటిగా ఉండాలని సిలువకు ముందురాత్రి ప్రభువే ప్రార్థించారు. ఆ ప్రార్థనకు అడ్డుపడే అధికారం ఏ కులానికీ లేదని మీరే గట్టిగా చెప్పాలి.

ఇట్లు,
మీ విచారణల్లోని ఒక విశ్వాసి