విత్తు సరే, మురుగు మాటేమిటి?

వరిపరిశోధనను గురించి ఈనాడు వెలువడే వ్యాసాలన్నింటా ఒకటే పల్లవి: వాతావరణం మారుతున్నది, కనుక విత్తనాన్ని మార్చాలి. అందులో అసత్యం లేదు. అర్ధసత్యం మాత్రం నిండుగా ఉన్నది.

ముందు శాస్త్రజ్ఞులకు చెల్లవలసిన గౌరవం చెల్లిస్తాను. ఒడిశా రైతులు తరతరాలుగా కాపాడుకొన్న నాటువరి నుంచి ఎంపికచేసిన ఎఫ్‌ఆర్ 13ఎ రకంలో మునకను ఓర్చే జన్యువును 2006లో గుర్తించారు. మన మారుటేరు బిడ్డ స్వర్ణలో ఆ గుణాన్ని చేర్చి, 2009లో స్వర్ణ సబ్-1 పేరిట విడుదల చేశారు. రెండు వారాలు నీట మునిగినా ఆ పైరు బతికి బట్టకడుతుంది. ఇది చిన్న విషయమా?

అయితే ఆ గుణం అక్కరకు వచ్చేది పైరు పచ్చగా, పసిదిగా ఉన్నప్పుడు. మునిగినప్పుడు ఎదుగుదల ఆపి, సత్తువ దాచుకొని, నీరు తీశాక మళ్లీ చిగురించడం దాని కిటుకు. పండి నేలకొరిగిన చేను ఏ సత్తువను దాచుకొంటుంది? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి డెల్టాలో ఎంతో వరి కోతకు వచ్చి ఉన్నది, కొంత పనలమీద ఉన్నది. పనలు నాని గింజ కంకిలోనే మొలకెత్తింది. అక్కడ కావలసింది జన్యువు కాదు, నీరు పోయే దారి. ఆ దారిలో గుర్రపుడెక్క, తూటికాడ, ఏళ్లనాటి పూడిక.

నేను ముప్పైయేళ్లు పాఠం చెప్పింది డెల్టా పిల్లలకే. తుపాను వెలిసిన మర్నాడు తరగతి సగం ఖాళీ. మోకాటిలోతు నీళ్లలో తండ్రుల వెంట పనలు గట్టుకు మోసేవారు. మిగిలిన సగానికి సంధులు చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు.

వేడి సంగతి వేరు. రాత్రి ఉష్ణోగ్రత పెరిగితే గింజ తగ్గుతుంది, అక్కడ విత్తనమే దిక్కు. ఒప్పుకొంటాను. 2025 మేలో జన్యుసవరణతో చేసిన రెండు వరులను ప్రకటించారు. వాటిలో సాంబమసూరి నుంచి వచ్చిన కమల సుమారు 20 రోజులు ముందుగా కోతకు వస్తుందట. తుపానులకు ముందే ధాన్యం గాదెకు చేరితే అంతకన్న ఏం కావాలి? కాని కాలువకు నీరు ఆలస్యంగా వదిలి, నాట్లు వెనకబడితే, విత్తనం మిగిల్చిన రోజులను కాలువే మింగేస్తుంది.

ఈ మాటే వ్యవసాయశాస్త్రం చదివిన నా శిష్యునితో అన్నాను. "పూడిక తీయడం ఇంజనీర్ల పని, మాస్టారూ! అది పరిశోధన కాదు" అన్నాడు. "మరి ఇంజనీరు తీయని నీటిని గింజచేత మోయించడం ఎవరి పనిరా?" అని అడిగాను. వాడింకా జవాబు చెప్పలేదు.